మారు వడ్డన

సువార్తమ్మ గారు ప్రభువునందు నిద్రించారని నరసాపురం నుంచి ఫోను వచ్చేసరికి, నేను కువైట్‌లో యజమాని ఇంట్లో చేపలు కోస్తున్నాను. కత్తి జారి వేలు తెగింది. నెత్తురు కారుతున్నా నొప్పి తెలియలేదు. నా ప్రాణం నిలబెట్టిన తల్లి ఇక లేదన్న మాటే బుర్రలో తిరిగింది.

ఆవిడ నాకు రక్తసంబంధి కారు. ఒకే పేట నుంచి వెళ్ళి ఇంటిపనులు చేసుకునే ఏడుగురం ఆడవాళ్ళం, శుక్రవారం సెలవునాడు ఆవిడ గదిలో కూడేవాళ్ళం. నేల మీద పాత పేపర్లు పరిచి, వరసగా కూర్చోబెట్టి, చేపల పులుసు వడ్డించేవారు. ఉడికే పులుసులో గరిటె పెట్టనిచ్చేవారు కారు. “ముక్క చెదిరిపోద్దమ్మా, మసిగుడ్డతో దాక పట్టుకుని తిప్పు” అనేవారు. ఒక్కసారే వడ్డిస్తే పగవాళ్ళయిపోతారని ఆవిడ నమ్మకం. అందుకే కడుపు నిండిందన్నా వదలక, వంగి “మారు వెయ్యమంటారా అండి?” అని అడిగేవారు. పరాయి దేశంలో పనిమనుషులమైన మమ్మల్ని అలా అడిగిన నోరు మరొకటి లేదు.

నా భర్త రత్నరాజు అక్కడే డ్రైవరు. అనుమానం మనిషి. ఒక శుక్రవారం భోజనానికి వస్తే ఆవిడ అతనికే ముందు వడ్డించారు. అతను తింటుండగా నా ఫోను మోగింది. చేసింది మా అమ్మ. అతను ఎంగిలి చేత్తోనే లేచి ఫోను పగలగొట్టాడు. జుట్టు పట్టుకుని నా తల గోడకేసి బాదాడు. రెండు పళ్ళు ఊడి నా అన్నంలోనే పడ్డాయి. కింద పడేసి మెడ మీద కాలు వేసి తొక్కాడు. పోలీసులొస్తే అందరినీ పంపించేస్తారన్న భయంతో ఎవరూ కదల్లేదు. ఊపిరాడలేదు. చచ్చిపోతున్నానని నాకు తెలుస్తూనే ఉంది.

సువార్తమ్మ గారు అప్పుడే మారు వడ్డనకు పొయ్యి మీది దాక దించి తెస్తున్నారు. “కాలు తియ్యండి రాజు గారూ” అన్నారు. అతను తియ్యలేదు. ఆవిడ దాక వంచి, మరుగుతున్న పులుసు అతని వీపు మీద పోశారు. చొక్కా చర్మానికి అంటుకుపోయింది. ఆ అరుపు నాకింకా గుర్తుంది, అది విని సంతోషించినందుకు నేను సిగ్గుపడను. సగం మిగిలిన దాకతో ఆవిడ ఇంకా దగ్గరికెళ్ళి, ఎప్పటి గొంతుతోనే “మారు వెయ్యమంటారా అండి?” అన్నారు. అతను చెప్పులు కూడా వదిలేసి పారిపోయాడు.

ఆ పనికి ఆవిడ రెండు నెలలు జైలులో ఉన్నారు. తర్వాత తిరుగు విమానం ఎక్కించారు. నరసాపురంలో లేసు అల్లుకుంటూ బతికారు. నేను రత్నరాజును వదిలేసి, నా కాళ్ళ మీద నేను నిలబడ్డాను. సెలవుకి వచ్చినప్పుడు, “అంత పని చేశారు, బాధ లేదా పిన్నిగారూ?” అని అడిగాను.

“కంచం ముందు కూర్చున్నోణ్ణి ఒక్క మాట అనకూడదమ్మా” అన్నారు, సూది ఆపకుండా. “అతను లేచాడు కదా.”

మొన్న సెలవు పెట్టి నరసాపురం వచ్చి, ఆవిడ జ్ఞాపకార్థ కూడికలో పులుసు నేనే వండాను, నేనే వడ్డించాను. రత్నరాజు కూడా వచ్చి, సిగ్గులేకుండా బంతిలో కూర్చున్నాడు. అందరితో పాటు వడ్డించాను. కాసేపటికి “ఇంకొంచెం పులుసు పొయ్యి” అన్నాడు. తల ఎత్తి నన్ను చూశాడు, నా చేతుల్లో దాకను చూశాడు, కంచం మెల్లగా వెనక్కి లాక్కున్నాడు. కంచం ముందు కూర్చున్నాడు కనుక నేనేమీ అనలేదు. అతన్ని దాటి, పక్కావిడకి మారు వేశాను.

ఆ బంతిలో మిగతా అందరికీ మారు వడ్డించాను. సువార్తమ్మ గారికి మాత్రం ఈ లోకంలో మారు లేదు.