పోటు ఎక్కేదాకా

మావారు రాజోలులో జువాలజీ లెక్చరర్. మడ అడవిలో నీటికుక్కలు పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతున్నాయని ఎవరో చెప్పగానే ఇక ఆయన్ని ఆపలేకపోయేను. ఆదివారం పొద్దున్నే ఐ.పోలవరం దాటి రేవుకి వెళ్ళేం. పడవ నడిపే ఆయనకి అరవై దాటి ఉంటాయి. ఆ పాయల్లోనే చేపలు పడుతూ పెరిగేరట, ఇప్పుడు అడవి చూడ్డానికి వచ్చేవాళ్ళని తిప్పుతున్నారు. నేను బాబాయిగారూ అని పిలిచేను.

ఇరుకు పాయలోకి తిరగ్గానే ఆయన ఇంజను ఆపి పడవ తోసే గెడ అందుకున్నారు. ఆటు వేళ కావడంతో నీళ్ళు బాగా తీసి ఉన్నాయి. ఒడ్డంతా నల్లటి బురద. కాస్త దూరంలో నాలుగు నీటికుక్కలు. ఒకటి చేపని నములుతుంటే ఆ కరకర మాకు వినిపించింది.

ఎట్టి పరిస్థితుల్లోనూ పడవ దిగొద్దని బాబాయిగారు ముందే చెప్పేరు. మావారు తలూపేరు కూడా. కానీ ఫొటోకి మడ వేళ్ళు అడ్డొస్తున్నాయని, బాబాయిగారు అటు తిరిగి గెడ గుచ్చుతుండగా, ఇటునుంచి దిగిపోయేరు. మూడో అడుగుకి తొడల దాకా కూరుకుపోయేరు.

బాబాయిగారు అరవలేదు. పడవలో పరిచిన చెక్కలు ఊడదీసి బురద మీద వేసి, వాటి మీద బోర్లా పాక్కుంటూ వెళ్ళేరు. మావారిని వెనక్కి వాలమని చెప్పి, తల కింద చెయ్యి పెట్టేరు. ఈలోగా పోటు మొదలై, పాయలో నీళ్ళు పెరుగుతున్నాయి. పడవ కొట్టుకుపోకుండా ఒక వేరు పట్టుకోమని నాతో అన్నారు. దానికి అతుక్కున్న గుల్లలు అరచేతుల్లో దిగుతున్నా వదల్లేదు.

తాడు కట్టి ఇంజనుతో లాగుదామని బతిమాలేను.

"లాగితే కాలు దక్కదమ్మా. మా తమ్ముణ్ణి నేనే అలా లాగేను. ఆ మోకాలు మళ్ళీ మడత పడలేదు."

"నీళ్ళు వచ్చేస్తున్నాయి కదండీ?"

"రావాలమ్మా. బురదని ఆ నీళ్ళే వదులు చెయ్యాలి."

నీళ్ళు మావారి నడుము మీదికి వచ్చేయి, తర్వాత ఛాతీ మీదికి. బాబాయిగారు ఒక చేత్తో కాలి చుట్టూ బురద తోడుతూనే ఉన్నారు. నీటికుక్క ఒక ఈతకి ఎన్ని పిల్లల్ని పెడుతుందండీ అని మావారిని అడిగేరు. గంటలకొద్దీ పాఠం చెప్పే మనిషి పైకెక్కుతున్న నీళ్ళనే చూస్తున్నారు. బాబాయిగారు మళ్ళీ అడిగేరు. రెండు, మూడు అని మావారు గొణిగేరు. నీళ్ళు చెవుల దాకా వచ్చేయి. నేను కళ్ళు మూసుకున్నాను.

"ఆయ్, బురద వదిలిందండి. కుడికాలు కదిపి చూడండి, మెల్లిగా" అని వినిపించింది.

రెండో కాలు రావడానికి ఇంకో రెండు నిమిషాలు పట్టింది. చెక్కల మీదుగా పడవలోకి లాక్కొచ్చి పడుకోబెట్టేరు. కెమెరా పోయింది, చెప్పులు పోయేయి. తప్పయిపోయిందండీ అని మావారు చేతులు పట్టుకుంటే, మీవైపు వీపు పెట్టడం నా పొరపాటేనండి అన్నారాయన.

తిరిగి రేవుకి వచ్చేం. రేవులో పడవ కట్టేటప్పుడు ఆయన చేతుల్లో తాడు రెండుసార్లు జారిపోయింది. మావారు బురద కాళ్ళతోనే వెళ్ళి, ఆ తాడు అందుకుని గుంజకి ముడి వేసేరు.