ఒక్క కొట్టివేత

ఇరవై రెండేళ్ల కిందటి మాట. మార్కాపురంలో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట చిన్న గదిలో డాక్యుమెంట్ రైటర్‌గా కూర్చుని అప్పటికి మూడేళ్లు. ఇళ్లు, పొలాలు కొనేవాళ్లకు దస్తావేజులు రాయడం నా పని. నా రాతలో కొట్టివేతలుండవని పేరు. ఆ పేరు చూసుకుని కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ ఏడు పలకల ఫ్యాక్టరీల వెనక ఒకాయన నలభై ప్లాట్లు వేశాడు. మధ్యలో కొంత జాగా వదిలి, అది కాలనీ వాళ్లందరిదీ అని నోటిమాటగా చెప్పాడు. దాన్ని ఆనుకున్న ప్లాట్లు ఎనిమిది. షెడ్యూల్‌లో, అంటే దస్తావేజు చివర హద్దులు రాసే చోట, ఆ వైపు ‘ఖాళీ స్థలం’ అని రాసుకుంటూ పోయాను. రాసింది చదివి వినిపించడం మా పద్ధతి. ఏడుగురూ విని తలూపారు.

ఎనిమిదో ప్లాటు మరియమ్మది. పలకల ఫ్యాక్టరీలో కూలి, చదువు రాదు. ఆమె మాత్రం చెయ్యి అడ్డం పెట్టింది.

“ఏంది నాయనా, ఖాళీ అని రాసినావు? అది అందరిదని ప్లాట్ల సారే చెప్పినాడు గదా.”

“రెండూ ఒకటేలేమ్మా,” అని విసుక్కున్నాను.

“ఒకటే అయితే నేను చెప్పిందే రాయి.”

చచ్చినట్టు ‘ఖాళీ’ కొట్టేసి, పైన ‘అందరి’ అని రాశాను. కొట్టివేత ఉన్న చోట అమ్మేవాడు పక్కనే సంతకం పెట్టాలి. ఆయన నవ్వుతూ పెట్టాడు. శుభ్రమైన కాగితం పాడు చేసిందని నేను మాత్రం రోజంతా గొణుక్కున్నాను.

తర్వాత ఇళ్లు లేచాయి. కాలనీ వాళ్లు సంఘం పెట్టుకుని, ఆ జాగాలో బోరు వేయించుకున్నారు. వీధి లైట్లు, మురుగు కాలువ, ఎప్పుడు కూర్చున్నా అవే గొడవలు. ఎండాకాలం వస్తే మాత్రం నీళ్ల మాట తప్ప మరో మాట ఉండదు. నలభై ఇళ్లకూ ఆ బోరే దిక్కు.

పోయిన ఏడు సంఘం ప్రెసిడెంటు ఖాసీం భాయ్ ఏడు దస్తావేజులు నా బల్ల మీద పెట్టాడు. ప్లాట్లు వేసినాయన చనిపోయాడు. కొడుకు వచ్చి బోరు చుట్టూ రాళ్లు పాతించాడు. అప్పటి ప్లాను ఎక్కడా దొరకలేదు.

“నువ్వు రాసినవే అన్నా. అన్నిట్లో ఖాళీ అనే ఉంది. ఆయన కొడుకేమో, అమ్మకుండా ఖాళీగా పెట్టుకున్న జాగా మా నాయనదే అంటున్నాడు. బోరు పోతే మేం యాడికి పోవాల?”

నా అక్షరాలు నన్నే చూస్తున్నట్టనిపించి తలెత్తలేకపోయాను. కాసేపటికి ఆ కొట్టివేత గుర్తొచ్చింది.

“మరియమ్మ కాగితం ఏదీ?”

“ఆమె పోయి ఆరు నెలలైంది. కూతురు ఎస్తేరు ఉంది.”

ఇద్దరం వాళ్లింటికి పోయాం. బైబిలు పెట్టుకునే గుడ్డసంచిలోంచి ఎస్తేరు ఆ దస్తావేజు తీసి ఇచ్చింది. కొట్టేసిన ‘ఖాళీ’, పైన ‘అందరి’, పక్కన సంతకం. కొడుకుని పిలిపించి చూపించాం. చాలాసేపు చూశాడు.

“మా నాయన సంతకమే,” అన్నాడు మెల్లగా. మర్నాడు రాళ్లు పీకించాడు.

ఇప్పుడు హద్దులు రాసేముందు కొనేవాళ్లను అడుగుతాను, “ఈ పక్కనున్న దాన్ని మీరేమంటారు?” అని. వాళ్ల మాటే రాస్తాను. కాగితం శుభ్రంగా ఉంటే చాలదని ఆలస్యంగా తెలిసింది.

సంఘం వాళ్లు బోరు దగ్గర ‘అందరి స్థలం’ అని బోర్డు పెట్టి, అక్షరాలు నన్నే రాయమన్నారు. రాసి కుంచె కింద పెడుతుంటే ఎస్తేరు అంది, “చదివి వినిపించు మామా. అమ్మ ఉంటే వినందే ఒప్పుకునేది కాదు.”

బోర్డు వైపు తిరిగాను. ‘అందరి స్థలం’ అని పైకే చదివాను.