తొమ్మిదంగుళాల చెయ్యి

రాజుల పట్టాభిషేకాలకు తేదీలు వేసే చరిత్రకారులు, ఒక మెకానిక్కు తన షెడ్డులోంచి కొలత టేపును వెళ్ళగొట్టిన రోజును మాత్రం నమోదు చెయ్యలేదు. అది చరిత్రకే లోటు. ముప్పయ్యొక్కేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, అంకెలు చెరిగిపోయిన టేపు ఒకటి ఆ మేస్త్రిచేత నాలుగును ఏడుగా చదివించి, మంచి ఇనుపపట్టీ ఒకటి పాడుచేయించింది. ఆయన ఆ టేపును వీధిలోకి విసిరేసి, కుడిచెయ్యి పైకెత్తి, బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా బారజాపి ప్రకటించాడు:

“ఇది తొమ్మిదంగుళాలు. అరగదు, చెరగదు, ఎవడూ అరువడగడు.”

ఈ మహాఘట్టానికి సాక్షులు ఇద్దరే. పక్కన కుట్టుమిషను మీద బండి సీట్లు కుట్టే ఆయన భార్య, పంక్చరైన సైకిలుతో వచ్చిన ఒక పోస్టుమాను. పోస్టుమాను నవ్వాడు. భార్య నవ్వలేదు. ఆవిడకు మొగుడి సంగతి తెలుసు.

ఆనాటి నుంచి షెడ్డు రాజ్యాంగం మారిపోయింది. జాన అంటే తొమ్మిది, బెత్తెడు అంటే మూడు, అంతే. మనిషి పొట్టి. పెద్ద బండి పక్కన నిలబడితే హ్యాండిలు ఛాతీకి వచ్చేది. చేతులు మాత్రం ఎవరో పొడుగువాడి దగ్గర తెచ్చుకున్నట్టు ఉండేవి. జనం ఆయన్ను జాన మేస్త్రి అన్నారు. అసలు పేరు రేషన్ కార్డులో క్షేమంగా ఉండిపోయింది.

“బండికి మనిషిని సరిపెట్టడం షోరూంవాళ్ళ పని. మనిషికి బండిని సరిపెట్టడం నా పని,” అనేవాడు. ఒక కాలు పొట్టిగా ఉన్న టీచరుకు బ్రేకు ఎత్తి ఇచ్చాడు. నడుం పట్టేసిన కంపౌండరుకు హ్యాండిలు వెనక్కి వంచాడు. కొలతకు ఎక్కించుకునేవాడు, చెయ్యి రెండుసార్లు పరిచేవాడు, “సాయంత్రం రా” అనేవాడు. సాయంత్రానికి బండి వాళ్ళతోపాటే పుట్టినట్టు ఉండేది.

గత రెండేళ్ళుగా ఇనుము పని తగ్గింది. వచ్చేవి ఎక్కువగా సీట్లే. ఆయన కంటితో చూసి ఇన్ని జానలని చెబితే, భార్య కోసి కుట్టేది. చిటికెనవేలు కాస్త లోపలికి మడత పడుతోందని ఆవిడ ఒకసారి అంటే, “పనిచేసే చెయ్యి మడత పడకుండా ఇస్త్రీ చేసి ఉంటుందా?” అన్నాడు. ఆవిడ మళ్ళీ ఎత్తలేదు.

అలాంటి రోజుల్లో ఆవిడ తమ్ముడు ఒక క్రూయిజరు బండి కొని, దానిమీద మడతపెట్టిన నిచ్చెనలా కూర్చుని షెడ్డు ముందు దిగాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, పైగా సర్వేయరు. అంటే టేపు మీద బతికేవాడు. బావా బామ్మర్దుల మధ్య ఉండవలసిన సహజ వైరానికి ఇది అదనపు కారణం.

“బావా, ఇది ఆరాంగా కాళ్ళు చాపుకుని పోయే బండి అని చెప్పి అంటగట్టారు. పది కిలోమీటర్లకే మోకాళ్ళు హ్యాండిలుకు కొట్టుకుంటున్నాయి.”

“నీ బుర్ర మోకాళ్ళలో ఉందని నేనెప్పుడో చెప్పాను. అందుకే కొట్టుకుంటోంది.”

“సోమవారం నుంచి రోజుకు నూట ఇరవై కిలోమీటర్లు తిరగాలి. కాలు పొడవు కొలిచి రాసుకొచ్చాను, చూడు...”

“ఆ కాగితం జేబులో పెట్టుకో. ఎక్కి కూర్చో.”

మేస్త్రి చుట్టూ తిరిగి చూశాడు. సీటు బెత్తెడు వెనక్కి, హ్యాండిలు కింద రెండు దిమ్మలు, ఫుట్‌రెస్టులు సరిగ్గా జాన ముందుకు. గేరు రాడ్డూ బ్రేకు రాడ్డూ కూడా అంతే పొడుగు చెయ్యాలి. ఇనుపపట్టీ మీద చెయ్యి పరిచి, సుద్దతో గీత గీసి, కోసి, వెల్డింగు పెట్టి బిగించాడు.

బామ్మర్ది కూర్చున్నాడు. మోకాళ్ళు హ్యాండిలుకు వేలెడు దూరంలో ఆగి ఆలోచిస్తున్నట్టున్నాయి.

“ఇంకో అంగుళం కావాలి బావా.”

“సరిగ్గా కూర్చో. గూని పెట్టి కూర్చుంటే బండి ఏం చేస్తుంది?”

సరిగ్గా కూర్చున్నా మోకాళ్ళు అక్కడే ఉన్నాయి. మేస్త్రి రెండో జత పట్టీలు కోశాడు. అదీ అంగుళం తక్కువే వచ్చింది. తప్పులో కూడా ఆయన చెయ్యి వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు.

ముప్పయ్యొక్కేళ్ళలో ఒక పని రెండుసార్లు తిరిగిరావడం అదే మొదలు. ఆయన ముఖం చూసి బామ్మర్ది కూడా వేళాకోళం మానేశాడు. మూడో జతకు సుద్ద అందుకునేసరికి పక్కన కుట్టుమిషను ఆగింది.

“ఏవండీ, ఆగండి.”

ఆవిడ రెక్సిను చుట్టల వెనకనుంచి ఒక పాత అట్టముక్క తెచ్చి బల్లమీద పెట్టింది. టేపు పారేసిన ఏడాదే ఆయన నెలరోజులు జ్వరంతో పడుకుంటే, సీట్లపని ఆగకుండా ఆయన చెయ్యి చాపించి, పెన్సిలుతో చుట్టూ గీసి కోసుకున్న ముక్క అది.

“చెయ్యి పెట్టండి దీనిమీద.”

పెట్టాడు. బొటనవేలు అట్టకొసను తాకింది. చిటికెనవేలు తాకలేదు. ఎడమచేత్తో పట్టి లాగాడు. అది మొండిదానిలా లోపలికే తిరిగి చూసింది.

ఆయన వేలు వదిలేసి భార్య వైపు తిరిగాడు.

“ఎప్పట్నుంచే?”

“రెండేళ్ళు.”

“మరి సీట్లన్నీ సరిపోయాయిగా?”

“మీరు చెప్పిన జానలకు ఈ అట్టపెట్టి కోశాను.”

“మొదట్లో నేను చెయ్యి పరిచి గీసిన సీటు ఒకటి చిన్నదైంది. కత్తెర జారిందన్నావు. నలుగురిలో నోటికొచ్చినట్టు తిట్టాను.”

“తిట్టారు.”

“జారలేదా?”

“నా కత్తెర ఏనాడూ జారలేదండీ.”

మేస్త్రి స్టూలు మీద కూలబడ్డాడు. ఇప్పుడు ఆవిడ కత్తెరకు క్షమాపణ చెప్పాలో, తన చేతికి చెప్పాలో ఆయనకు తోచలేదు. చివరికి అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకుని, “ఇన్నాళ్ళూ చెయ్యి తిరిగిన మేస్త్రి అన్నారు. ఇప్పటికి నిజంగా తిరిగింది,” అన్నాడు. బామ్మర్ది నవ్వబోయి, అక్క ముఖం చూసి తల దించుకున్నాడు.

మూడో జత అట్టపెట్టే కోశారు. సుద్దగీత ఆవిడ గీసింది. బామ్మర్ది కాళ్ళు చాపుకుని కూర్చుని, వీధి చివరిదాకా పోయి వచ్చి, “సరిపోయింది బావా,” అన్నాడు. మామూలుగా అయితే ఆ మాటకు మేస్త్రి దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. “మంచిది,” అన్నాడంతే.

ఆ వారమే భార్య ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అరచేతి చర్మం కింది పొర తాడులా గట్టిపడి వేలిని లాగేస్తోందని డాక్టరు చెప్పాడు. ఆపరేషను చేస్తే కొంత చాచుకోవచ్చు గానీ మళ్ళీ ముడుచుకోదని హామీ ఇవ్వలేనన్నాడు.

“పాత జాన వస్తుందా అండీ?” అడిగాడు మేస్త్రి.

“అంతా రాదు.”

మేస్త్రి లేచి దండం పెట్టబోయాడు. రెండు చేతులూ సరిగ్గా కలవలేదు. చిటికెనవేళ్ళ మధ్య ఒక చిన్న సందు ఉండిపోయింది. భార్య తలుపు వైపు చూసింది.

ఇప్పుడు షెడ్డులో కొలతంతా అట్టదే. ఎవరైనా బండెక్కి కూర్చుంటే మేస్త్రి అలవాటు కొద్దీ చెయ్యి చాపుతాడు, సగంలో గుర్తొచ్చి వెనక్కి తీసుకుంటాడు. ఆ చేతినే భార్య వైపు తిప్పుతాడు. ఆవిడ అట్ట అందిస్తుంది.

మొన్న సర్వేయరు ఆదివారం చూసుకుని వచ్చాడు. అట్ట మెత్తబడుతోందట, అదే కొలతకు స్టీలుముక్క కోయించి తెస్తాడట. బావ పెరట్లో చేతులు కడుక్కుంటున్న సమయం చూసి టేపు తీసి అట్టమీద పరిచాడు. ఒకసారి చూసి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. అక్క వైపు చూస్తే ఆవిడ మిషను తొక్కుతూనే తల అడ్డంగా ఊపింది. టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

అట్ట పొడవు ఎనిమిది ముప్పావు అంగుళాలు.