కొండ నీడ తొలగేదాకా

ఆదోనిలో మా అత్తవారి మిద్దె ఎక్కి నిలబడితే పడమటి దిక్కున కోట కొండ తప్ప ఇంకేమీ కనిపించదు. బండ మీద బండ, ఆ పైన పాడుబడిన గోడ. కొత్తగా ఊళ్ళోకి వచ్చినవాళ్ళు నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. నాకు మాత్రం ఆ కొండంటే ఒళ్ళుమంట. మా పుట్టింటి ఊరు సరిగ్గా దాని వెనకే ఉంది, కౌతాళం పోయే దారిలో, ఎద్దులబండి మీద ఒక పూట ప్రయాణం. ఆ కొండే అడ్డం లేకపోతే మిద్దె మీద నుంచి మా ఊరి గుట్ట కనిపించి తీరుతుందని నా నమ్మకం. పెళ్ళయి కాపురానికి వచ్చిన కొత్త. కొండ మీద కూడా అలగగలిగిన వయసు.

అప్పటికి యుద్ధం ఇంకా రాలేదు. ఆదోని బళ్ళారి జిల్లా కింద ఉండేది. ఆ ఏడు చలికాలంలో మా ఊళ్ళో ఎలుకలు రాలాయని కబురు తెలిసింది. ఎలుకలు రాలాయంటే ప్లేగు వచ్చిందన్నమాట. అప్పుడు ఊరు ఊరంతా ఇళ్ళకు తాళాలు వేసి, ఎవరి చేలో వాళ్ళు గుడిసె వేసుకుని, జబ్బు పోయేదాకా అక్కడే కాపురం చేయాలి. ఆ కబురు తెచ్చిన పత్తి బండివాడే ఆ దిక్కు నుంచి వచ్చిన చివరి మనిషి. తర్వాత అటునుంచి వచ్చే బండ్లను ఊరి బయటే ఆపేశారు. అతను పోతూ పోతూ మా పత్తి కొట్టు గుమాస్తాతో ఇంకో మాట కూడా అన్నాడు, మా అమ్మ జ్వరంతో పడుకుని ఉందని. గుమాస్తా ఆ మాట మా మామగారి చెవిలో వేస్తుంటే తలుపు వెనక నేనూ విన్నాను.

మా ఇంట్లో నేనొక్కదాన్నే సంతానం. అక్కడ ఉన్నది అమ్మా నాన్నా ఇద్దరే. అది మామూలు జ్వరమో, ఆ జ్వరమో తెలియదు. అమ్మ లేచి తిరుగుతోందో, అసలు ఉందో లేదో చెప్పే దిక్కు లేదు. ఇంట్లో ఎవరూ ఆ ఊసు ఎత్తేవాళ్ళు కాదు. దీపాలు పెట్టే వేళ నా కళ్ళు ఎర్రగా కనిపిస్తే మా అత్త, "పొద్దుగూకే యాళ ఏడ్సకూడదు, పోయి మొగం కడుక్కో" అనేది. అంతకు మించి ఓదార్పు ఆమెకు చేతకాదని అనుకునేదాన్ని.

మా అత్తది పెద్ద నోరు. పత్తి మిల్లుకు పోయే గుమాస్తాలు, పొరుగూళ్ళ నుంచి బండ్లు తోలుకొచ్చిన రైతులు మా ఇంట్లోనే తినిపోయేవాళ్ళు కాబట్టి కోడి కూయకముందే పొయ్యి రాజెయ్యాలి. మా పుట్టింట్లో ఆ పద్ధతి లేదు. మా అమ్మ చన్నీళ్ళ స్నానం చేసి, తడిబట్టతోనే పొయ్యికి పసుపూ కుంకుమా పెట్టి, వాకిట్లోకి వచ్చి పొడిచిన సూర్యుడికి దణ్ణం పెట్టుకుంటుంది. ఆ తర్వాతే పొయ్యికి నిప్పు చూపిస్తుంది. ఊళ్ళో అందరిళ్ళ మీదా పొగ లేచి చల్లారాక మా ఇంటి మీద లేచేది. మబ్బు పట్టిన రోజుల్లో సూర్యుడి కోసం మా నాన్న ఆకలితో వాకిట్లో పచార్లు చేసేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు, కానీ మెడ మాత్రం ఆకాశంకేసే ఉండేది.

ఆ అలవాటు నాకూ కొంచెం అంటుకుంది. పొయ్యి దగ్గర నా చేయి కాస్త ఆలస్యమైతే చాలు, మా అత్త అందుకునేది. "మీ అమ్మ పొయ్యిలో పిల్లి లేసేసరికి ఈడ మిల్లు కూత గూడా అయిపోతాది. బలే నేర్పింది లే సంబడం!" నేను ఎదురు చెప్పే ధైర్యం లేక గిన్నెలను కాస్త గట్టిగా పెట్టేదాన్ని. ఆ మోత ఆమెకు అర్థమయ్యేది. ఇంకో రెండు కలిపి వడ్డించేది.

అలాంటి రోజుల్లో బొంబాయి నుంచి పత్తి కొనడానికి ఒక సేటు, ఆయన భార్య వచ్చి మా ఇంట్లో దిగారు. ఆవిడకు కోట చూడాలని సరదా పుట్టింది. అదీ పొద్దు పొడిచేటప్పుడే చూడాలట. కోట చూపించడానికి కొండ కింద ఒక సాయబు తాత ఉండేవాడు. తెల్లవారుజామున లాంతరు పట్టుకుని మనుషుల్ని పైకి తీసుకుపోయి, బండలు వేడెక్కేలోగా కిందికి దింపేసేవాడు. ఎండెక్కితే బండల సందుల్లో పట్టిన పెద్ద తేనెటీగలు లేస్తాయి, అవి లేచాక ఎవరినీ ఒక్క క్షణం కూడా కొండ మీద ఉండనిచ్చేవాడు కాదు. సేటుగారి భార్యకు తోడుగా ఇంటి ఆడవాళ్ళు పోవాలి కదా. మా అత్త నావైపు చూసి, "నువ్వూ రా. ఈడ ఉండి గిన్నెలు సొట్టలు పెట్టేకంటే అదే మేలు" అంది.

నాకు కోట అక్కర్లేదు, సూర్యోదయం అంతకన్నా అక్కర్లేదు. ఆ కొండ నెత్తిన నిలబడితే దాని వెనక ఏముందో కనిపిస్తుంది. మా వాళ్ళు గుడిసె వేసుకున్న చేను కనిపిస్తుంది. అక్కడ పొయ్యి వెలిగిందా లేదా, ఆ ఒక్క సంగతి తెలిస్తే చాలు. ఇది ఎవరితోనూ అనలేదు.

కొండ కింద జట్కా దిగేసరికి ఇంకా చీకటే. మాఘమాసపు చలి ఎముకలు కొరుకుతోంది. మా ఆయన జట్కా దగ్గరే ఉండిపోయారు. తాత లాంతరు ఎత్తి మా ముఖాలు చూసి, "సెప్పులు ఈడనే ఇడిసిపెట్టండమ్మా. బండ మీద మన కాలికంటే మంచి సెప్పు లేదు" అన్నాడు. చల్లటి రాయి మీద అరికాలు పెట్టగానే ఒళ్ళంతా ఝల్లుమంది.

ఇన్నాళ్ళూ మిద్దె మీద నుంచి చూసి తిట్టుకున్న కొండ ఇది కాదనిపించింది. లాంతరు వెలుగు పడిన చోట ఇల్లంత బండ ఒకటి కనిపించేది, దాని పైన ఏముందో వెలుగు అందేది కాదు. తలెత్తితే రెండు బండల మధ్య సందులో చుక్కలు. మిద్దె మీద నుంచి చూసే చుక్కలే అవి, కానీ ఇంత దగ్గరగా, ఇంత పెద్దవిగా ఎప్పుడూ చూడలేదు. తాతకు మాటలకు కొదవ లేదు. ఒక దర్వాజా కింద ఆగి, "ఈ వాకిలి మూసేదానికి ఏనుగులు తొయ్యాల్సి వస్తాండె" అన్నాడు. ఇంకాస్త పైన నీళ్ళ గుండం దగ్గర, "దీంట్లో ఆ ఏనుగులే ఈతకొడతాండె" అన్నాడు.

మా అత్త ఆయాసపడుతూనే అందుకుంది. "ఏమన్నా, ఇంత సందులో ఆ ఏనుగులు యాడ పట్టినాయి?"

"అప్పుటి ఏనుగులు సన్నవి లేమ్మా" అన్నాడు తాత, తడుముకోకుండా. మా అత్త నవ్వింది. ఇంటి బయట ఆమె నవ్వడం నేను వినడం అదే మొదలు. ఆ గుండంలో నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి. అంత ఎత్తున, రాతి నడుమ, చలికాలమంతా ఇంకిపోకుండా ఆ నీళ్ళు అలా ఎలా నిలిచాయో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. చేయి ముంచి కళ్ళకు అద్దుకున్నాను.

కొండ నెత్తికి చేరేసరికి తూర్పు తెల్లబడింది. కింద ఆదోని, మిద్దెలన్నీ ఒకదానికొకటి ఆనుకుని పడుకున్నట్టుంది. మిల్లు గొట్టం వేలంత ఉంది. నేలంతా ఎర్రగా, నల్లగా, మళ్ళీ ఎర్రగా, చూపు ఆనినంత దూరం. సూర్యుడు నేల అంచు మీద లేస్తుంటే సేటుగారి భార్య చేతులు జోడించి తన భాషలో ఏదో గొణుక్కుంది. మా అత్త కూడా దణ్ణం పెట్టుకుంది. అందరూ తూర్పుకే తిరిగి ఉన్నారు. నేను మెల్లగా వెనక్కి నడిచి, పడమటి వైపు కూలిన గోడ దగ్గర నిలబడ్డాను.

అక్కడ చూసింది నేను చచ్చేదాకా మరవను. మేమున్న కొండ నీడ నేల మీద పడింది. నల్లగా, నిలువుగా, చేలూ దారులూ వాగులూ అన్నిటినీ దాటుకుని, చూపు చివరి దాకా చాచుకుని ఉంది. దానికి రెండు పక్కలా పొలాలు బంగారు రంగు తిరిగాయి, నీడ ఉన్న మేర మాత్రం ఇంకా తెల్లవారలేదు. మనం నిలబడిన చోటు ఇంత నేలకు పొద్దును ఆపగలదని అంతవరకూ నాకు తెలియదు. గోడ రాయి పట్టుకున్నాను.

ఆ నీడ చివరి అంచున మా ఊరి గుట్ట ఉంది. చిన్నప్పటి నుంచి చూసిన గుట్ట, వంకరగా ఒక పక్కకు ఒరిగి ఉండేది, పోల్చుకోవడానికి క్షణం పట్టలేదు. దాని కింద ఊరి మీద పొగ లేదు. అది తెలిసిన సంగతే, ఊరు ఖాళీ. గుట్ట పక్కన చెట్ల గీతలా కనిపించేది మా వాగు. వాగుకు అవతల చేలల్లో సన్నసన్నగా పొగలు లేస్తున్నాయి. ఊరివాళ్ళంతా అక్కడే గుడిసెలు వేసుకున్నారు. ఊళ్ళో మాకు ఒక చిన్న అంగడి, వాగుకు ఇవతల ఒక్క చేను. వాగుకు ఇవతల ఇంకెవరి చేనూ లేదు. అక్కడ పొగ లేదు.

మళ్ళీ చూశాను. కళ్ళు తుడుచుకుని చూశాను. అందరి పొయ్యిలూ వెలిగాయి, మా పొయ్యి వెలగలేదు. గోడ మీద తల ఆనించి ఏడ్చేశాను. దీపాల వేళ కాదు కదా, నన్ను ఆపేవాళ్ళు లేరు.

తాత వచ్చి, "ఏమైంది బేటీ?" అన్నాడు. ఏడుపులోనే చెప్పాను. ఎలుకలు రాలిన సంగతి, అమ్మ జ్వరం సంగతి, వాగుకు ఇవతల చేలో పొగ లేని సంగతి. చెప్పి తల తిప్పితే మా అత్త నా వెనకే నిలబడి ఉంది. అంతా విన్నది. నేను చూపించిన దిక్కుకు చేయి నుదుటికి అడ్డం పెట్టుకుని చూసింది.

తాత కాసేపు చూసి, బండల వైపు చెవి పెట్టి, లాంతరు చేతికి తీసుకున్నాడు. "ఎండ తగుల్తాంది. ఈగలు లేస్తాయి. దిగుదాం పదండమ్మా."

మా అత్త కదల్లేదు. ఆ కూలిన గోడ మీద చతికిలబడింది.

"ఉండన్నా" అంది. "వాళ్ళింట్లో పొయ్యిలో పిల్లి ఆలస్యంగానే లేస్తాది."

రోజూ నన్ను పొడవడానికి వాడిన మాటే అది. అదే పొయ్యి, అదే పిల్లి. కానీ ఆ మాట వినగానే నా ఏడుపు ఆగిపోయింది. సూర్యుణ్ణి చూడనిదే మా అమ్మ నిప్పు చూపించదు. భయంలో నేను అదే మరిచిపోయాను. మా చేనేమో ఇంకా కొండ నీడలోనే ఉంది. అక్కడ మా అమ్మకు పొద్దు ఇంకా పొడవనే లేదు. నేను నిలబడ్డ ఈ కొండే దాన్ని ఆపి పెట్టింది.

తాతకు కూడా అర్థమైనట్టుంది. లాంతరు కింద పెట్టేశాడు. సేటుగారి భార్యకు ఎవరూ ఏమీ చెప్పలేదు, అయినా ఆవిడ వచ్చి మా అత్త పక్కన కూర్చుంది. అందరం పడమటికి తిరిగి కూర్చున్నాం. నీడ మెల్లగా వెనక్కి వస్తోంది. చూస్తుంటే కదిలినట్టు ఉండదు, రెప్ప వేసి తెరిస్తే ఇంకో చేను వెలుగులోకి వచ్చి ఉంటుంది. గుట్ట వెలిగింది. వాగు చెట్లు వెలిగాయి. వాగు దాటి నీడ ఇటువైపుకు వచ్చేసింది. మా చేను ఎర్రగా బయటపడింది. ఏమీ లేదు. బండల్లో ఎక్కడో ఈగల రొద మొదలైంది. తాత తలపాగా విప్పి చెవుల మీదుగా కట్టుకున్నాడు, లెమ్మని మాత్రం అనలేదు.

"స్నానం కావల్ల, పొయ్యికి పసుపు పెట్టల్ల, దణ్ణం పెట్టుకోవల్ల" అని మా అత్త ఒక్కొక్కటే గొణుగుతోంది. అక్కడ మా అమ్మ పక్కనే నిలబడి తొందర పెడుతున్నట్టుంది ఆమె గొంతు.

అప్పుడు లేచింది. వాగుకు ఇవతల, ఎర్ర చేలో, గాలి లేని ఆ పొద్దున, దారమంత సన్నగా తెల్లటి పొగ. నిటారుగా పైకి లేచింది. వాగు అవతలి పొగలన్నీ అప్పటికే చల్లారిపోయాయి. అదొక్కటే ఉంది. మా నాన్న ఒక్కడే మిగిలి ఉంటే, చలికి ఆగలేక ఊరందరికంటే ముందే మంట వేసుకునేవాడు. అంత ఆలస్యంగా, సూర్యుణ్ణి చూసుకుని పొయ్యి వెలిగించే మనిషి ఆ దిక్కున ఒక్కతే ఉంది. ఆమె లేచింది. స్నానం చేసింది. మా నాన్న ఆకలితో పచార్లు చేస్తున్నాడు. అవన్నీ నాకు కళ్ళెదుట కనిపించాయి. ఆ కొండ మీద, ఆ వెలుగులో, అంత పెద్ద లోకంలో, ఆ పొగ తప్ప నాకు ఇంకేమీ కనపడలేదు. రెండు చేతులూ ఎత్తి దానికే దణ్ణం పెట్టాను.

"సూసినావా, ఎంత ఆలస్యమో!" అంది మా అత్త. "ఇంతమందిని ఎండలో కూసోబెట్టింది మీ యమ్మ."

అంటూనే లేచి వచ్చి, తన కొంగుతో నా ముఖం తుడిచింది. ఆ కొంగు అప్పటికే తడిసి ఉంది.