గోడవైపు తిరిగిన ముఖం

వీధిలో అందరూ ఆమెను కాజాలక్క అంటారు. దర్జీలు కుట్టిన చొక్కాలకు ఇంట్లో కూర్చుని చేత్తో కాజాలు కుడుతుంది. మొదటినుంచీ మాట తక్కువ మనిషి. తల్లి పోయాక ఆ కాస్త మాటా పోయింది.

పోయినందుకు కాదు, పోయిన తీరుకు. ముందురోజు తల్లీకూతుళ్ళు గట్టిగా పోట్లాడుకున్నారు. ఒంటరిగా ఉండొద్దు, నా ఇంటికి రమ్మంటే తల్లి ససేమిరా అంది. "నీ పంతం నువ్వే కట్టుకుపో" అని కసిరి వచ్చేసింది కూతురు. తెల్లారేసరికి తల్లి ఆస్పత్రిలో ఉంది. ఈమె వార్డు గుమ్మంలో అడుగుపెట్టగానే తల్లి ఒకసారి చూసి, ఓపిక లేకపోయినా పక్కకు ఒత్తిగిల్లి గోడవైపు తిరిగింది. మళ్ళీ ఇటు తిరగలేదు.

అక్కడే ఉన్న కాజాలక్క ఆడపడుచు నాలుకకు నరం లేదు. చుట్టాలందరికీ చాటింది: "కన్నకూతురి మొహం కూడా చూడనని తిరిగి పడుకుందమ్మా! ఏం తిట్టిందో ఏమో మా వదిన!"

ఆ ఆడపడుచే ఇప్పుడు గాలి మార్పు పేరు చెప్పి దీవికి లాక్కొచ్చింది. ఒకప్పుడు కోటీశ్వరులు వేసవి విడిది చేసిన దీవి. ఇప్పుడు టికెట్ కొన్న ప్రతివాడిదీ. పెళ్ళికి ముందు తల్లి అక్కడి బంగళాలో పక్కలు పరిచే పని చేసింది. దాని గురించి ఎన్నడూ నోరు విప్పలేదు. అందుకే వచ్చింది కాజాలక్క. లేకపోతే ఈడ్చినా వచ్చేది కాదు.

లాంచీ దిగినప్పటినుంచీ ఒళ్ళు మండుతూనే ఉంది. పాలరాతి మెట్లు, నిలువెత్తు అద్దాలు, ఒక్కడు పడుకోవడానికి నలుగురు పట్టే మంచం. జనం నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తున్నారు. అంత మంచం మీద దుప్పటి ముడత లేకుండా లాగడానికి ఒక ఆడపిల్ల ఎన్నిసార్లు చుట్టూ తిరగాలో ఏ ఒక్కరికీ పట్టలేదు.

గైడు అందరినీ పడకగదుల వెనక ఇరుకు నడవాలోకి తోలాడు.

"ఇది పనివాళ్ళ దారి. పెద్దవాళ్ళు ఎదురైతే పనివాళ్ళు గోడవైపు తిరిగి నిలబడాలి. మొహం కనబడితే ఉద్యోగం ఊడినట్టే! ఏదీ, అందరూ ఓసారి తిరగండి, ఫోటో తీస్తాను."

కిలకిలలాడుతూ అందరూ గోడకు తిరిగారు.

"తిరుగు వదినా, భలే సరదాగా ఉంది!" అంది ఆడపడుచు గోడకు ముక్కు ఆనించి.

కాజాలక్క కాళ్ళు కదల్లేదు. ఇంటి యజమాని అద్దె వసూలుకొస్తే తల్లి గోడవైపు తిరిగేది. బడి పంతులు వచ్చినా అంతే. సిగ్గని నవ్వుకునేవారు.

"డాక్టరొచ్చినా తిరగాలా?" అని అడిగింది గైడును.

"డాక్టరేంటమ్మా, వాళ్ళ కుక్కని తిప్పేవాడొచ్చినా తిరగాల్సిందే!"

గుంపంతా గొల్లున నవ్వింది. కాజాలక్క ఆడపడుచు వీపుకేసి చూసింది.

"మా అమ్మ పోయిన రోజు నా వెనకాల ఎవరున్నారు?"

"ఇప్పుడా గోల? ఫోటో పాడవుతుంది."

"ఎవరున్నారే?"

"డాక్టరు. నిన్ను తోసుకునే లోపలికొచ్చాడుగా. తెల్లకోటు, వెనక ఇంకో నలుగురు. అయితే?"

"అయితే ఏంటా? నన్ను చూసి తిరిగిందని ఇంటింటికీ తిరిగి చెప్పావు కదే!"

నవ్వులు ఆగిపోయాయి. వెనక ఇంకో గుంపు వచ్చి నిలిచింది. నడవాలో ఇద్దరు ఒరుసుకుని నడిచేంత చోటు కూడా లేదు.

"అమ్మా, కాస్త పక్కకు తప్పుకోండి, వాళ్ళకు దారివ్వాలి" అన్నాడు గైడు.

"ఇవ్వను. ఆగమనండి."

ఆడపడుచు చెవులు ఎర్రబడ్డాయి. "సరేలే వదినా, డాక్టర్ని చూసే తిరిగిందేమో. నాకేం తెలుసు? పరువు తీయకు" అంది గోడతోనే.

"ఇటు తిరిగి చెప్పు" అంది కాజాలక్క.