కొసరు కంపు

డెబ్బై నాలుగులో నాగేశ్వరి కాపురం కొండాపూర్‌లో. భర్త యజ్ఞనారాయణ ఆ ఊరి బడిలో లెక్కల మాస్టారు. ఆవిడ మాత్రం పొద్దున్నే బస్సెక్కి సిటీలోని ఒక ప్రయోగశాలకు వెళ్లి కోడిగుడ్లు పగలగొట్టేది. అమలాపురంలో అత్తగారు ఎవరడిగినా, "మా కోడలు ఎమ్మెస్సీ చదివి అట్లకి సొన తీస్తోందండీ" అని చెప్పేవారు.

తెల్లసొనలో లైసోజైమ్ అనే ప్రోటీను ఉంటుంది. సూక్ష్మక్రిములతో తెల్లగా మసకబారిన నీళ్లలో దాన్ని ఒక చుక్క వేస్తే, క్రిముల గోడలు పగిలి నీళ్లు తేటపడతాయి. ఈ ప్రోటీను పొడుగాటి దారం లాంటిది. దానిమీద ఎనిమిది గంధకపు కొక్కేలు. అవి ఏ జతకు ఆ జతగా తగులుకుంటేనే దారం సరిగ్గా ముడుచుకుని పనిచేస్తుంది. ఆ కొక్కేలన్నీ ఊడదీసి, దారం మళ్లీ తనంతట తానే ముడుచుకునేలా చేయాలి. నాగేశ్వరికి అప్పగించిన పని అదే.

ఊడదీసే మందు పేరు మెర్‌కాప్టోఇథనాల్. దాని కంపు అంతా ఇంతా కాదు. చేతులు ఎన్నిసార్లు రుద్దుకున్నా పోదు, చీరకు పడితే వదలదు. బస్సులో ఆవిడ పక్కన కూర్చున్నవాళ్లు రెండో స్టాపుకల్లా లేచి నిలబడేవారు. చివరికి ఇంటి ఓనరు చంద్రమ్మే గుమ్మంలోకొచ్చి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏంది బిడ్డా గీ వాసన? అటక మీద ఎలుకలు సచ్చినయేమోనని నిన్నంతా దేవులాడిన."

"ఎలుకలు కాదండీ, నేనే," అంది నాగేశ్వరి.

"గట్లయితే ఇగ నువ్వు ఆకిట్లనే తానం జేసి లోపటికి రా. కిరాయికి ఇంకెవ్వరన్న వస్తరా చెప్పు!"

నాగేశ్వరికి తల కొట్టేసినట్లయింది. ఆ రోజు నుంచి కొక్కేలు ఊడదీశాక, మందు ఆనవాలు కూడా మిగలకుండా ప్రోటీనును కడిగి కడిగి పెట్టేది. తర్వాత పల్చగా నీళ్లు కలిపి గాలికి ఉంచేది. గాలి తగిలితే కొక్కేలు మళ్లీ తగులుకుంటాయి. తగులుకున్నాయి కూడా. కానీ మసకనీళ్లలో వేస్తే మసక మసకగానే ఉండిపోయింది. మళ్లీ చేసింది. మళ్లీ అంతే.

"ముడి పడిందమ్మా, ఒక జత కొక్కెం ఇంకో జతదానికి తగులుకుంది," అన్నారు ప్రయోగశాల పెద్దాయన విశ్వేశ్వరరావు. "కుదరకపోతే వదిలేద్దాం."

వదిలేయడం నాగేశ్వరికి ఇష్టం లేదు. దిగులుతోనే ఇంకొక సీసా మొదలుపెట్టింది. ఆ సాయంత్రం వాన పట్టుకుంది. కొండాపూర్ బస్సు తప్పితే నడకే గతి. కడగడం సగంలో వదిలేసి, నీళ్లు కలిపి, సీసా బల్లమీదే పెట్టి పరుగెత్తింది.

మర్నాడు సీసా దగ్గరకు వెళ్తే చిన్నగా కంపు. పారబోయబోయి, ఎందుకో ఒక చుక్క మసకనీళ్లలో వేసింది. చూస్తుండగానే నీళ్లు తేటపడ్డాయి. వెనకున్న అలమరా మీది చీటీ అక్షరాలు నీళ్లలోంచి కనిపించాయి.

కుర్చీలో కూలబడి ఆలోచించింది. మిగిలిపోయిన ఆ కాస్త మందూ తప్పుగా తగులుకున్న కొక్కేలను మళ్లీ ఊడదీస్తోంది. ఊడినవి ఇంకోచోట తగులుకుంటున్నాయి. సరైన జత దొరికినదే గట్టిగా నిలుస్తోంది. తను కంపు దాచుకోవడానికి కడిగేసింది ఆ అవకాశాన్నే!

నిజమో కాదో తేల్చుకోవడానికి, పని చేయకుండా మూలపడి ఉన్న పాత సీసాల్లో ఒక్కో బొట్టు మందు వేసింది. మరుసటి రోజు పొద్దున విశ్వేశ్వరరావుని పిలిచి ఆయన ఎదురుగానే మసకనీళ్లలో వేసి పరీక్షించింది. మొదటిది తేటపడింది. రెండోదీ తేటపడింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"ఈ చచ్చినవాటిని లేపింది ఏమిటమ్మా?"

"చంపిందేనండీ. ఒక్క బొట్టు."

ఆయన పగలబడి నవ్వారు. నాగేశ్వరి కూడా నవ్వింది, కళ్లలో నీళ్లు తిరిగేదాకా. ఆ సాయంత్రం యజ్ఞనారాయణను ఆబిడ్స్‌కు రప్పించుకుని, ఇరానీ హోటల్లో తలా రెండు చాయ్‌లు తాగుతూ కథంతా చెప్పింది. ఆయనకు సగమే అర్థమైంది. అయినా పక్క బల్లవాళ్లకు వినపడేలా, "మా ఆవిడ!" అన్నాడు.