మేనత్త అఫిడవిట్

1994. సిద్దిపేట పాత బస్టాండు దగ్గర మా టైపు ఇన్‌స్టిట్యూట్. మా ఆయన పోయాక నేనే నడిపేదాన్ని. పొద్దున పిల్లలకు లోయర్, హయ్యర్ పరీక్షల క్లాసులు. మధ్యాహ్నం జాబ్‌వర్క్, అంటే బయటివాళ్ల అర్జీలు, అఫిడవిట్లు టైపు చేసివ్వడం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊళ్లో పేరు. ఇంట్లో మాట్లాడే మనిషి లేకపోతే ఉన్న మాటలన్నీ షాపులోనే ఖర్చవుతాయి మరి!

ఒక మధ్యాహ్నం వీసా అర్జీ టైపు చేయించుకోవడానికి రేణుక అనే అమ్మాయి వచ్చింది. ప్రైవేటు బడిలో టీచరు. చెవులు వినపడని పిల్లలకు పాఠం చెప్పే చదువుకు అమెరికాలో సీటు, స్కాలర్‌షిప్పూ వచ్చాయి. ఐ-ట్వంటీ, అంటే కాలేజీ పంపే ప్రవేశపత్రం, చేతిలో ఉంది. కానీ మద్రాసులో అమెరికా కాన్సులేటు ఇంటర్వ్యూలో వీసా ఇవ్వలేదు. చదువయ్యాక తిరిగొస్తావనడానికి రుజువేదన్నారట. దీన్ని ‘టైస్’ అంటారు. తల్లిదండ్రులో, భూమో, ఇల్లో, నిన్ను ఈ దేశానికి రప్పించేది ఏదైనా సరే. కాలేజీ తెరిచేలోపు ఇంకొక్కసారే వెళ్లగలదు. అదీ తప్పితే సీటు పోయినట్టే.

మిషన్లో కాగితం ఎక్కించి అడిగాను. "ఎవరున్నరు నీకు?"

"ఎవ్వల్లేరు మేడం. బాపు నా చిన్నప్పుడే పోయిండు. అవ్వ పోయి రెండేండ్లాయె."

"మేనమామ? చిన్నమ్మ? ఎవలన్న ఒకలుంటరు గదా!"

"ఉంటే చెప్పకపోదునా?"

"పోనీ, ఇల్లు?"

"కిరాయి అర్ర."

నాకు చిర్రెత్తుకొచ్చింది, ఆమె మీద కాదు. "సరే, నేనే మేనత్తనని రాస్త. ఎవలు జూడొచ్చిన్రు?"

ఆమె నవ్వింది. "వద్దు మేడం. మీ అత్త ఆఖరుసారి ఏం వండిపెట్టిందని అడిగితే నేనేం చెప్పాలె?"

మిషన్లోంచి ఆ కాగితం లాగేశాను. షాపు మూసి ఆమెను ఇంటికి తీసుకుపోయాను. పచ్చిపులుసు, కోడిగుడ్ల పొరటు చేశాను. మా ఇంట్లో రెండో కంచం పెట్టి ఎన్నాళ్లయిందో! ఏడుపొచ్చింది, ఉల్లిగడ్డ మీదికి నెట్టేశాను.

మర్నాడు అఫిడవిట్ టైపు చేశాను. మేనత్తనని రాయలేదు. ఈమె నాకు తెలుసు, నా ఇంట్లో ఈమెకు ఒక గది ఉంది, చదువయ్యాక ఇక్కడికే వస్తుంది అని రాసి, నోటరీ సంతకం పెట్టించాను.

వారం తర్వాత మద్రాసు నుంచి దిగి నేరుగా షాపుకే వచ్చింది.

"ఇచ్చిన్రా?"

"ఇయ్యలే మేడం. మీ కాగితం తీసి సూడనే లేదు."

ఆ వీసా ఆఫీసరును నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమే నన్ను ఆపింది.

"గని ఒకటడిగిండు. ఊళ్లె నీకోసం ఎదురుచూసేటోళ్లు ఎవలన్న ఉన్నరా అని. ఉన్నరు అన్న. గా మాట నా నోట్లకెల్లి వచ్చుడు గదే మొదలు."

సీటు పోయింది. రేణుక ఆ బడిలోనే ఉండిపోయింది.

ఇన్నేళ్ల టైపు పని ఏం నేర్పిందని అడుగుతారు. ఆమె అప్పటికి రెండేళ్లుగా రోజూ రెండుపూటలా మా షాపు ముందు నుంచే బడికి నడిచేదట. నేనొక్కనాడూ తలెత్తి చూడలేదు. నీకెవరున్నారమ్మా అని అడగడానికి నాకు ఒక వీసా అర్జీ కావలసి వచ్చింది. ఆ సిగ్గు ఇంకా పోలేదు.